తెరచాప నీడ

నెలల పిల్లల ఛాతీ ఎక్స్‌రేని మొదటిసారి చూసేవాళ్ల చూపు ఒకచోట ఆగిపోతుంది. గుండె నీడకి ఆనుకుని, ముక్కోణంగా, గాలికి ఉబ్బిన తెరచాపలా ఒక తెల్లటి మరక. న్యుమోనియానా, గడ్డా అని కొత్తవాళ్లకి గుబులు పుడుతుంది. చెయ్యి తిరిగిన రేడియాలజిస్టు మాత్రం దాన్ని చూసి నిశ్చింతగా తలాడిస్తారు. అది థైమస్ గ్రంథి. ఉరోస్థి వెనక, గుండెకి కాస్త పైన, రెండు తమ్మెలుగా ఉంటుంది. తెలుగులో దానికి బాలగ్రంథి అని ఎంతో చక్కటి పేరుంది. పసితనంలో ఒంటి కొలతతో చూస్తే అది బాగా పెద్దది. యవ్వనం వచ్చాక ఏటేటా కరుగుతూ కొవ్వుగా మారుతుంది. పెద్దవాళ్ల ఎక్స్‌రేలో ఆ తెరచాప కనపడదు.

ఆ నీడ లోపల జరిగే పని గురించి నాలుగు మాటలు రాయాలని ఎన్నాళ్లుగానో ఉంది. పనితనం అనే మాట మనం సాధారణంగా జరీ అంచు నేసేవాణ్ని చూసో, బంగారం మీద నగిషీ చెక్కేవాణ్ని చూసో అంటాం. ఒంట్లోని అవయవాల్లో నా చేత ఆ మాట అనిపించేది ఈ గ్రంథి.

ముందు దీనికి జరిగిన అన్యాయం చెప్పాలి. 20వ శతాబ్దం మొదట్లో పసిపిల్లలు ఉన్నట్టుండి నిద్రలో చనిపోతే, ఉబ్బిన థైమస్ గాలిగొట్టాన్ని నొక్కేసిందని యూరప్, అమెరికాల్లో వైద్యులు గట్టిగా నమ్మారు. ఈ గ్రంథి మామూలుగా ఎంత ఉంటుందో వాళ్లకి తెలిసింది శవపరీక్షల ద్వారా. ఆ బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి పేదల దేహాలు, చాలాకాలం జబ్బుపడి, తిండిలేక పోయిన దేహాలు. ఆకలికీ రోగానికీ అందరికన్నా ముందు చిక్కిపోయే అవయవం థైమస్. చిక్కిన గ్రంథినే కొలతగా పెట్టుకున్నారు కనుక, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గ్రంథి వాపులా కనపడింది. దాన్ని తగ్గించడానికి వేలమంది పసివాళ్ల మెడకీ ఛాతీకీ ఎక్స్‌రే కిరణాలు పట్టారు. ఆ పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఏ పని చేస్తుందో తెలియని దాన్ని చూసి భయపడినందుకు పిల్లలు చెల్లించిన మూల్యం అది.

ఆ తర్వాత భయం పోయి చిన్నచూపు వచ్చింది. మైక్రోస్కోపు కింద పెడితే థైమస్ నిండా లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు, అందులోనూ చచ్చినవీ చస్తున్నవీ కుప్పలు. అది ఆ కణాల శ్మశానం కాబోలు అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని పడగొట్టినవాడు జాక్ మిల్లర్. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టి, షాంఘైలో పెరిగి, ఆస్ట్రేలియాలో చదువుకుని, లండన్ చెస్టర్ బీటీ సంస్థలో ఎలుకల రక్తక్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్న కుర్రవాడు. అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో థైమస్ తీసి చూశాడు. అంతకు ముందు పెద్ద ఎలుకల్లో తీసినప్పుడు ఎవరికీ ఏ తేడా కనపడలేదు. ఈ పిల్ల ఎలుకలు మాత్రం పాలు మానే వయసు దాటగానే చిక్కి శల్యమయ్యాయి, జబ్బులతో చచ్చిపోయాయి. వాటి రక్తంలో లింఫోసైట్లు చాలా తక్కువ. వేరే ఎలుక చర్మం అతికిస్తే అది ఊడిపోలేదు, జుట్టుతో సహా నిలిచి పెరిగింది. 1961లో ఈ సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది. అయినా ఆ తర్వాత రెండేళ్లకి కూడా, అప్పటికే నోబెల్ అందుకున్న పీటర్ మెడవార్ అంతటివాడు థైమస్‌లోని లింఫోసైట్లను పరిణామక్రమంలో పెద్ద ప్రాముఖ్యం లేని యాదృచ్ఛికంగానే లెక్కగట్టాడు. ఈనాడు థైమస్‌లో తయారయ్యే లింఫోసైట్లని టి కణాలంటారు, ఆ ‘టి’ థైమస్ మొదటి అక్షరమే.

ఇక పనిలోకి వద్దాం.

ముడిసరుకు ఎముక మజ్జ నుంచి వస్తుంది. వచ్చే కణం ఇంకా టి కణం కాదు, ఏదైనా కాగలిగిన పసికూన. థైమస్‌కి బయట వల్కలం, లోపల దవ్వ. ఈ కణం రక్తనాళం దాటి రెంటి సరిహద్దు దగ్గర అడుగుపెడుతుంది. అక్కడి ఉపకళా కణాల పైన ఒక ప్రోటీన్ ఉంటుంది. వచ్చిన కణం మీద ఉన్న నాచ్ అనే గ్రాహకాన్ని అది ముట్టుకుంటుంది. ఆ స్పర్శతో పసికూన టి కణాల దారి పడుతుంది. నాచ్ లేని ఎలుకల థైమస్‌లో టి కణాల బదులు బి కణాలనే వేరే రకం లింఫోసైట్లు పేరుకుంటాయి. అంటే థైమస్ మొదటి పని బోధన కూడా కాదు, ఒక చిన్న తాకిడి.

అక్కడి నుంచి కణం వెలుపలి అంచు వైపు నడుస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. ఆ నడకలోనే, శత్రువుని గుర్తుపట్టే తన గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. శత్రువు ఎవరో ముందే తెలియదు కనుక, జన్యువుల్లో ఒక్కో శత్రువుకీ ఒక్కో తాళంచెవి రాసి పెట్టుకోవడం కుదరదు. అందుకని జన్యువు ముక్కలుముక్కలుగా ఉంటుంది. ర్యాగ్ అనే ఎంజైముల జంట డీఎన్‌ఏని కత్తిరించి, ఒక ముక్కని మరో ముక్కకి అతికిస్తుంది. అతుకు దగ్గర మరో ఎంజైము మూసలో లేని అక్షరాల్ని తోచినట్టు చేరుస్తుంది. ఒంట్లో మిగతా కణాలన్నీ డీఎన్‌ఏ తెగితే ప్రాణం మీదికి వచ్చినట్టు చూసుకుంటాయి. ఇక్కడ తెగ్గొట్టడమే పని. ఈ ర్యాగ్ జన్యువులు 1989, 1990ల్లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో డేవిడ్ షాట్జ్, మార్జరీ ఓటింగర్‌ల చేతికి చిక్కాయి.

గ్రాహకానికి ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులు. రెండూ ఒకేసారి అల్లరు. ముందు బీటా. జన్యు అక్షరాలు మూడేసి చొప్పున చదవబడతాయి కనుక అతుకు ఒక అక్షరం అటూఇటూ అయితే అర్థం మొత్తం చెడుతుంది. మూడు అతుకుల్లో రెండు అలా చెడిపోయేవే. కుదిరిన బీటా సరిగా ఉందో లేదో చూడటానికి ఆల్ఫా ఇంకా పుట్టలేదు. అందుకని ఎవరితోనైనా జతకట్టగలిగే ఒక తాత్కాలిక ఆల్ఫాని థైమస్‌లోని కణమే సిద్ధంగా ఉంచుకుంటుంది. బీటా దానితో కలిసి పైకి తేలి ఒక సంకేతం ఇస్తే, ఆ కణం బతుకుతుంది. బతకడమే కాదు, అనేకసార్లు విభజన చెందుతుంది. ఆ తరవాతే నిజమైన ఆల్ఫా తయారీ మొదలు. ఈ వరుసలో ఉన్న నేర్పు నాకు ఎంతో ఇష్టం. కష్టపడి కుదుర్చుకున్న ఒక మంచి బీటాని వందల పిల్ల కణాలకి పంచి, ఒక్కోదాని చేత ఒక్కో వేరే ఆల్ఫాని ప్రయత్నింపజేస్తుంది. ఆల్ఫా ముక్కలు పొడవునా బోలెడు ఉండటంతో, ఒకటి కుదరకపోతే పక్కనున్న ముక్కలతో మళ్లీ ప్రయత్నించే వెసులుబాటు కూడా ఉంది. కాకపోతే గడువు మూడు నాలుగు రోజులే.

ఈలోగా పరీక్ష మొదలవుతుంది. టి కణం ఎప్పుడూ శత్రువుని నేరుగా చూడదు. ఒంట్లో దాదాపు ప్రతి కణం తన లోపలి ప్రోటీన్లని చిన్న తునకలుగా కోసి, ఎంహెచ్‌సీ అనే పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తుంది. పళ్లేన్నీ, అందులోని తునకనీ కలిపి పట్టుకోగలగాలి టి కణం. వల్కలంలోని ఉపకళా కణాలు పళ్లేలు చాచి నిలబడతాయి. పళ్లేన్ని అసలే పట్టుకోలేని గ్రాహకం గల కణానికి ఏ సంకేతమూ అందదు, గడువు తీరి అది నిశ్శబ్దంగా రాలిపోతుంది. చనిపోయేవాటిలో అత్యధికం ఇవే. మెత్తగా పట్టుకున్నదానికి బతుకు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ పళ్లేల్లో ఉన్నవన్నీ మన సొంత తునకలే. సొంతదాన్ని కొంచెం పట్టుకునేవాణ్ని ఎంపిక చేసి, రేపు శత్రువుని గట్టిగా పట్టుకొమ్మని పంపాలి. ఆ ‘కొంచెం’ పట్టు కోసం వల్కలం ప్రత్యేకమైన కత్తి వాడుతుందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ప్రోటీన్లని కోసే ప్రోటియసోమ్ అనే యంత్రం ప్రతి కణంలోనూ ఉంటుంది. వల్కలపు ఉపకళలో మాత్రం అందులో ఒక భాగం వేరు. ఒంట్లో మరెక్కడా అది లేదు. అది కోసిన తునకలు పళ్లెంలో ఒక తీరుగా, గట్టి పట్టు దొరక్కుండా అమరుతాయి. ఆ భాగం లేని ఎలుకల్లో సీడీ8 రకం టి కణాలు బాగా తగ్గిపోయాయి. పరీక్షపత్రానికి విడిగా ఒక అచ్చుయంత్రం పెట్టుకున్నట్టు!

పట్టు బలాన్ని కొలవడం గీటురాయి మీద బంగారం గీసి చూడటంలాంటిదే అనిపిస్తుంది గాని, తీర్పు తలకిందులు. మరీ మెరిసే గీత గీసినవాడే ఇక్కడ ప్రమాదకారి, ఎందుకంటే సొంత ఒంటిని గట్టిగా పట్టుకునేవాడు రేపు దాన్నే కొరుక్కుతింటాడు. బతుకుకీ చావుకీ మధ్య గీత ఎంత సన్ననిదో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఎడ్ పామర్ బృందం 2006లో చూపించింది. పట్టు బలం రవ్వంత పెరిగి ఆ గీత దాటగానే, కణం లోపల సంకేతం పుట్టే చోటు మారిపోతుంది. బలహీనమైన పట్టుకి లోపలి గాల్జీ పొరల దగ్గర, బలమైన పట్టుకి కణత్వచం దగ్గర. ఒకే సంకేతం, మోగే చోటు వేరు, ఫలితం వేరు.

ఏ రకం పళ్లేన్ని పట్టుకున్నదాన్ని బట్టి కణం సీడీ4 సహాయకుడో, సీడీ8 హంతక కణమో అవుతుంది. గట్టెక్కినవి దవ్వలోకి సాగుతాయి. మైక్రోస్కోపులో ఈ తేడా స్పష్టం. వల్కలం కిక్కిరిసి ముదురు ఊదారంగులో ఉంటుంది, దవ్వ పలచగా, వెలుతురుగా. దవ్వలో అక్కడక్కడ ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా చుట్టుకున్న గుండ్రటి ముద్దలు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు ఆర్థర్ హిల్ హాసల్ పేరుతో వాటిని హాసల్ దేహాలంటారు. చాలాకాలం అవి ఎందుకున్నాయో ఎవరికీ తెలియలేదు. ఈ ఉల్లిపొరల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

దవ్వలో పరీక్ష కఠినం. వల్కలంలో సొంత తునకలంటే అక్కడి కణాల్లో ఉండే మామూలు సరుకే. కంటిలో మాత్రమే ఉండే ప్రోటీన్ సంగతేమిటి? క్లోమంలో మాత్రమే తయారయ్యే ఇన్సులిన్ సంగతేమిటి? థైమస్ దాటిన టి కణానికి అవి పరాయివిగా కనపడవా? దీనికి దవ్వలోని ఉపకళా కణాలు కనిపెట్టిన ఉపాయం ఊహకి అందనిది. అవి ఇన్సులిన్ని తయారుచేస్తాయి. కంటి ప్రోటీన్నీ, లాలాజల ప్రోటీన్నీ, కాలేయపు ప్రోటీన్నీ తయారుచేస్తాయి. వాడుకోవడానికి కాదు, చూపించడానికి. అన్నీ కలిపి చూస్తే మన ప్రోటీన్ జన్యువుల్లో నూటికి 80కి పైగా ఆ చిన్న చోట ఎక్కడో ఒక కణంలో వెలుగుతాయి. ఒక్కో కణం మాత్రం కొన్నింటినే చూపిస్తుంది. అలాంటి ఒక జన్యువుని చూపించే కణాలు దవ్వలో నూటికి ఒకటి నుంచి మూడు. అందుకే టి కణం నాలుగైదు రోజులు అక్కడ తిరుగుతూ ఒక్కో కణం ముందూ ఆగి వెళ్లాలి.

ఈ ప్రదర్శనకి ముఖ్యమైన సూత్రధారి ఎయిర్ అనే ప్రోటీన్. దాని జన్యువు 1997లో ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు వెంట దొరికింది. ఫిన్లాండ్‌లోనూ, ఇటలీ సార్డీనియా ద్వీపంలోనూ కాస్త ఎక్కువగా కనిపించే జబ్బు అది. పిల్లలకి నోట్లో బూజు తగ్గదు, పారాథైరాయిడ్ దెబ్బతిని కాల్షియం పడిపోతుంది, అడ్రినల్ గ్రంథులు పాడవుతాయి. ఒంటి మీద ఒళ్లే తిరగబడుతుంది. 2002లో డయాన్ మాథిస్, క్రిస్టోఫ్ బెనువా బృందం ఎయిర్ లేని ఎలుకల్లో ఈ థైమస్ ప్రదర్శన బాగా తగ్గిపోయిందని చూపించింది. మరో ముచ్చట: ఇన్సులిన్ జన్యువు పక్కన డీఎన్‌ఏలో ఒక పునరుక్తి ఉంటుంది, అది మనిషికీ మనిషికీ మారుతుంది. కొందరిలో దాని వల్ల థైమస్‌లో ఇన్సులిన్ రెండు మూడింతలు ఎక్కువ తయారవుతుంది. వాళ్లకి టైప్-1 మధుమేహం వచ్చే అవకాశం తక్కువ.

2022లో మాథిస్ ప్రయోగశాల నుంచే ఇంకో వింత వచ్చింది. దవ్వ కణాలు ఊరికే జన్యువుల్ని వెలిగించడంతో ఆగవు. కొన్ని కండరకణంలా, కొన్ని పేగు కణంలా, కొన్ని చర్మ కణంలా వేషమే కట్టేస్తాయి. 19వ శతాబ్దంలోనే థైమస్‌లో కండరంలాంటి కణాలు చూశామని రాసినవాళ్లున్నారు. అప్పట్లో వాటికి అర్థం దొరకలేదు.

దవ్వలో సొంతదాన్ని గట్టిగా పట్టుకున్న కణం సాధారణంగా చచ్చిపోతుంది. అన్నీ చావవు. ఈ గ్రంథి మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం ఆ మిగిలినవే.

1969లో జపాన్‌లో నిషిజుకా, సకాకురా చిట్టెలుకలకి పుట్టిన మూడో రోజున థైమస్ తీశారు. ఆడ ఎలుకల అండాశయాలు నాశనమయ్యాయి. వారం దాటాక తీస్తే అలా కాలేదు. థైమస్ ఏదో హార్మోన్ స్రవిస్తుందేమో అనుకున్నారు. ఆ ప్రశ్న షిమోన్ సకగుచి అనే యువకుణ్ని వదల్లేదు. థైమస్ తీసేసిన ఆ ఎలుకలకి ఆరోగ్యంగా ఉన్న ఎలుక టి కణాలు ఎక్కిస్తే జబ్బు ఆగిపోయింది. అంటే టి కణాల్లో దాడిచేసేవే కాదు, దాడిని ఆపేవీ ఉన్నాయన్న మాట. ఆ కణాలు థైమస్ నుంచి మిగతావాటికన్నా కొంచెం ఆలస్యంగా బయటికొస్తాయి. మూడో రోజుకి దాడిచేసే కణాలు కొన్ని ఊళ్లోకి వెళ్లిపోయాయి, కాపలావాళ్లు ఇంకా గుమ్మం దాటలేదు. అప్పటికి చాలామంది శాస్త్రవేత్తలు అలాంటి కణాలే లేవని కొట్టిపారేశారు. సకగుచి 1995లో వాటిని సీడీ25 అనే గుర్తుతో వేరుచేసి చూపించాడు.

ఇంకో దారిలో ఇంకో కథ. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1949లో పొలుసుల చర్మంతో పుట్టి, కొద్ది వారాలకే చచ్చిపోయే మగ ఎలుకలు కనిపించాయి. స్కర్ఫీ అని పేరుపెట్టారు. దశాబ్దాల తర్వాత మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ లోపాన్ని ఎక్స్ క్రోమోజోమ్‌లో 20 జన్యువులున్న ముక్క దాకా కుదించి, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. తప్పు ఆఖరిదాంట్లో దొరికింది. 2001లో వాళ్లు పెట్టిన పేరు ఫాక్స్‌పీ3. అది లేకపోతే ఆ కాపలా కణాలు తయారుకావని రెండేళ్లకి తేలింది. 2025లో వైద్య నోబెల్ సకగుచితో కలిపి ఈ ముగ్గురికీ వచ్చింది.

నియంత్రక టి కణం అని దీని పేరు. అది తయారయ్యే తీరు చూడండి. సొంత తునకని గట్టిగా పట్టుకున్న కణం చావు అంచున నిలబడి ఉంటుంది. ఆ పట్టు వల్లే దాని మీద సీడీ25 మొలుస్తుంది. సీడీ25 ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనాన్ని అందుకునే చెయ్యి. ఆ రసాయనం సకాలంలో అందితే లోపల ఫాక్స్‌పీ3 వెలుగుతుంది, కణం స్వభావం మారుతుంది. అందకపోతే పోతుంది. రసాయనం కొద్దిగానే దొరుకుతుంది, చోటూ కొద్దే. ఒకే గ్రాహకం ఉన్న కణాలు గుంపుగా వస్తే అందులో కొన్నే నియంత్రకాలవుతాయి. ఇందాక ఆపిన హాసల్ ఉల్లిపొరలు ఇక్కడ పనికొస్తాయి. అవి విడుదల చేసే ఒక ప్రోటీన్ పక్కనున్న డెండ్రైటిక్ కణాల్ని ఈ మార్పుకి సాయపడేలా తీర్చిదిద్దుతుందని 2005లో తేలింది.

ఏ గుణం వల్ల అది పారేయాల్సిన సరుకయ్యిందో, ఆ గుణంతోనే అది కాపలాకి పనికొస్తుంది. క్లోమాన్ని గుర్తుపట్టే కణమే క్లోమం దగ్గర నిలబడి మిగతావాళ్లని ఆపగలదు. పుట్టిన తొలి రోజుల్లో ఎయిర్ సాయంతో తయారైన నియంత్రక కణాలు ఎలుకల్లో పెద్దయ్యాక కూడా ఉంటాయని, వాటి పని తర్వాత పుట్టినవాటికి చేతకాదని 2015లో తేలింది.

పళ్లెం రకం మారితే తయారయ్యే కణమూ మారుతుంది. మెయిట్ అనే టి కణాలకి పళ్లెంలో ప్రోటీన్ తునక అక్కర్లేదు. సూక్ష్మజీవులు విటమిన్ బి2 తయారుచేసుకునేటప్పుడు ఊడిపడే అణువుల్ని అవి పట్టుకుంటాయి. ఆ విటమిన్ని మన ఒళ్లు తయారుచేసుకోలేదు కనుక, ఆ వాసన ఉన్నచోట బ్యాక్టీరియా ఉన్నట్టే. ఈ గుట్టు 2012లో మెల్‌బోర్న్‌లో తెలిసింది. పేగుల్లోనూ చర్మం మీదా ఉన్న సూక్ష్మజీవుల అణువే థైమస్ దాకా ప్రయాణించి అక్కడ మెయిట్ కణాల్ని పెంచుతుందని 2019లో పారిస్ క్యూరీ సంస్థ బృందం చూపించింది. మూసిన గది అనుకున్న థైమస్‌లోకి పేగుల నుంచి కబురు వెళ్తోంది! ఎన్‌కేటీ అనే మరో రకం టి కణాలకైతే పరీక్ష పెట్టేది ఉపకళ కాదు, పక్కనే ఉన్న తోటి పసి కణాలు. అవి కొవ్వుని పళ్లెంలో పెట్టి ఒకదానికొకటి చూపించుకుంటాయి. ఎన్‌కేటీ కణాల్ని గట్టిగా ఉత్తేజపరిచే కొవ్వు పదార్థం మొదట ఒకినావా సముద్రపు స్పంజి నుంచి వచ్చింది.

చిన్న వయసు ఎలుక థైమస్‌లో రోజుకి సుమారు 5 కోట్ల కణాలు పుడతాయి. బయటికి వెళ్లేవి 10 లక్షల నుంచి 20 లక్షలు. మిగతావాటిని అక్కడే ఉన్న మాక్రోఫేజులు మింగి శుభ్రం చేస్తాయి. ఒకప్పుడు శ్మశానం అనిపించింది దీన్ని చూసే. చూసినవాళ్ల కళ్లు తప్పు కాదు. లెక్కలో బయటికి వెళ్లినవాళ్లని కలపలేదు, అంతే.

పిల్లలకి గుండె ఆపరేషన్ చేసేటప్పుడు థైమస్ అడ్డమొస్తుంది. గుండె కనపడాలంటే దాన్ని కొంతో పూర్తిగానో తీయక తప్పదు. పెద్దయ్యాక దాంతో పనిలేదనే నమ్మకం చాలాకాలం ఉండేది. 2023లో బోస్టన్ వైద్యులు, పెద్దవయసులో థైమస్ తీయించుకున్నవాళ్లనీ, అలాంటి ఛాతీ ఆపరేషన్లే అయినా థైమస్ ఉన్నవాళ్లనీ పోల్చారు. ఐదేళ్లలో మరణాలు మొదటివాళ్లలో 8.1 శాతం, రెండోవాళ్లలో 2.8 శాతం. క్యాన్సర్ కూడా మొదటివాళ్లలో రెట్టింపు. కొవ్వులో మిగిలిన ఆ కాస్త గ్రంథి కూడా పని ఆపలేదన్నమాట.

కొందరు పిల్లలు థైమస్ లేకుండానే పుడతారు. వాళ్ల మజ్జలో లోపమేమీ లేదు, కణాలు బయల్దేరతాయి, వెళ్లడానికి చోటు లేదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో లూయీజ్ మార్కర్ట్ ఏళ్ల తరబడి చేసిన కృషితో వీళ్లకి ఒక వైద్యం వచ్చింది. 2021 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. వేరే పిల్లల గుండె ఆపరేషన్లో తీసేసిన థైమస్‌ని పారేయకుండా పలచటి ముక్కలుగా కోసి, రెండు మూడు వారాలు ప్రయోగశాలలో పెంచుతారు. దాతవైన టి కణాలు చాలావరకు ఆ రోజుల్లో కొట్టుకుపోతాయి, ఉపకళ మిగులుతుంది. ఆ ముక్కల్ని ఛాతీలో పెట్టరు. బిడ్డ తొడ కండరంలో చిన్న గాట్లు పెట్టి అందులో దూరుస్తారు. ఆరు నెలల నుంచి ఏడాదిలో బిడ్డ సొంత మజ్జ కణాలు తొడ దాకా వెతుక్కుంటూ వచ్చి, పరాయి ఉపకళ ముందు ఒక్కొక్కటిగా ఆగి, పరీక్ష రాసి, టి కణాలై రక్తంలోకి బయల్దేరతాయి.